తల కింద దూది

సాయంత్రంలోగా లాడ్జికి ముప్పై దిండ్లు వెళ్ళాలి. భోజనాల వేళ దాటినా సగం కూడా కాలేదు. షాపు వెనక గదిలో ఫ్యాను వేయకూడదు, దూది ఎగురుతుంది. కిటికీ తీయకూడదు, వీధి దుమ్ము పడుతుంది. ఊపిరి పీల్చుకోవచ్చు గానీ, దానికీ ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. పెళ్ళయిన కొత్తలో ఆ గదిలో అడుగుపెట్టిన మనిషి జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేసింది. నెరుపో దూదో చూసేవాళ్ళకు తెలిసేది కాదు. అందుకే వీధంతా ఆమెను దూదక్క అనేవారు.

పాత పరుపులూ దిండ్లూ విప్పి, దూది ఏకి, మళ్ళీ నింపి కుట్టడం ఆమె పని. ఏకే మిషనులో వేసేముందు దూదినంతా చేత్తో తడిమి చూడాలి. ఒక్క పిన్నీసు పడినా మిషను పళ్ళు విరుగుతాయి, ఆ ఖర్చు కూలిలోంచి పోతుంది. అలా తడమడంలో ఆమె వేళ్ళకు ఏవేవో తగిలేవి. తలపిన్నులు, చిల్లర, పిల్లలు దాచుకున్న గోలీలు, ఒకసారి బంగారు కమ్మ. ఏది దొరికినా కౌంటరు మీద పెట్టేది. కమ్మ దొరికిన రోజున మాత్రం ఇంటివాళ్ళు వచ్చేదాకా ఆగి, వాళ్ళ కళ్ళముందే పెట్టింది. యజమాని ముఖం ఆ పూటంతా మాడిపోయే ఉంది.

లాడ్జి పని మధ్యలో ఆ యజమానే ఒక మూట తెచ్చి ఆమె పక్కన పడేశాడు.

"పోయినామె పడక. కండక్టరుగారి భార్యట. ఆయన చెల్లెలు ఇచ్చి పంపింది. పరుపు పారేయించు. దిండులో బూరుగు దూది ఉన్నట్టుంది, కావాలంటే నువ్వు పట్టుకుపో."

పోయినవాళ్ళ దూది ఇంకొకరికి అమ్మకపోవడం ఆ షాపు పద్ధతి. యజమాని అంత మంచివాడని కాదు. ఆ మాట బయటికి పొక్కితే గుమ్మం తొక్కేవాడు ఉండడని. బూరుగు దూది అంటే దూదక్కకు ప్రాణం. తేలిగ్గా, చల్లగా ఉంటుంది. ఇంట్లో మేస్త్రికి తలనొప్పి ఎక్కువగా ఉంటోంది, ఆయనకు మెత్తటి దిండు కుట్టిద్దామనుకుంది. టీ తాగే కాసేపట్లో కుట్టు విప్పి చెయ్యి లోపల పెట్టింది. నడి మధ్యలో ఏదో గరగరమంది.

బయటికి తీసి చూస్తే మాత్రల అట్ట ముక్కలు. ఒక్కో ముక్కలో ఒక మాత్ర, కొన్నింటిలో రెండు, ఏదీ చింపలేదు. వెండి రేకు మీద ఆకుపచ్చ గీత. ఎవరికీ చూపించి అడగాల్సిన పని లేకపోయింది. దండెం మీద నాలుగు చొక్కాల్లో తన మొగుడి చొక్కా పోల్చుకున్నంత తేలిగ్గా ఆ గీతను పోల్చుకుంది.

మేస్త్రి ఆమె భర్త. ఊళ్ళో సగం గోడలు ఆయన చేతి మీద లేచినవే. రెండేళ్ళ కిందట ఒళ్ళంతా నీరసం పట్టి పరంజా మీద కళ్ళు తిరిగితే, రక్తం పరీక్షలు చేసి క్యాన్సరన్నారు. భయపడొద్దనీ, దీనికి మంచి మందు వచ్చిందనీ, రోజుకో మాత్ర వేసుకుంటే ముసలితనం దాకా బతకొచ్చనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట విని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సంతోషంతో ఏడ్చారు. మందుల షాపులో ధర విన్నాక ఏడవడం కూడా మరిచిపోయారు. ఒక నెల మాత్రలకు దూదక్క మూడు నెలల కూలి కావాలి. మందు ఉంది, దాన్ని వేసుకునే మనిషి ఉన్నాడు. మధ్యలో ఆ గోడ కట్టిన మేస్త్రి ఎవరో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ముందు బండి అమ్మారు. తర్వాత మేస్త్రి తన తాపీలూ మట్టపు బద్దలూ మేనల్లుడికి అమ్మాడు. ఒక ట్రస్టువాళ్ళు రెండు నెలలు ఇచ్చి, మూడోనెల ఇంకొకరికి అవకాశం ఇవ్వాలన్నారు. మందు తయారుచేసే కంపెనీ పేదలకు ధర తగ్గిస్తుందని తెలిసి పరుగెత్తింది దూదక్క. ఎక్కడ పనిచేస్తున్నావో, ఎంతిస్తారో యజమాని చేత రాయించుకు రమ్మన్నారు. "అలా రాసిస్తే రేపు నీకు సెలవులూ బోనసులూ నా నెత్తిన పడతాయి" అని యజమాని నవ్వేశాడు. ఇక ఇంట్లో మిగిలింది ఆమె కుట్టుమిషను ఒక్కటే. షాపు నుంచి వచ్చాక దాని మీదే దిండు గలేబులు కుట్టేది. దానికీ బేరం కుదిరింది.

అలాంటి రోజున ఒళ్ళో పది పన్నెండు మాత్రలు వచ్చి పడ్డాయి. దొరికింది కౌంటరు మీద పెట్టాలన్న ఆలోచన ఆమెకు వచ్చింది, రాలేదనడం అబద్ధం. యజమాని ఫోనులో ఎవరితోనో గొడవ పడుతున్నాడు. దూదక్క ముక్కలన్నీ కొంగున ముడేసి నడుముకు దోపుకుంది. ఆమెకు ముందు కలిగింది సంతోషం. భయం ఆ తర్వాత వచ్చింది.

ఇంటికి వెళ్ళి ముడి విప్పి చూపిస్తే మేస్త్రి ముక్కల్ని అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"పోయినామెవి కదే."

"పోయినామెవే. ఎవరి నోట్లో పడుతోందో మందుకేం తెలుసు?"

"ఎందుకు దాచుకుందంటావ్?"

వికారానికి భయపడి ఉంటుందనీ, నీకు మాత్రం మొదట్లో ఎన్ని వాంతులు కాలేదనీ అంటూ ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మేస్త్రి ఒక ముక్కను దీపం కింద పెట్టి చూస్తూ ఉండిపోయాడు. అంచులు కత్తెరతో తిన్నగా కత్తిరించి ఉన్నాయి. "మింగలేనివాళ్ళు పారేస్తారు గానీ ఇంత జాగ్రత్తగా కత్తిరించి పెట్టుకోరు" అన్నాడు. ఆ మాట పోపు చప్పుడులో కలిసిపోయింది. దూదక్కకు వినిపించనే లేదు.

మర్నాడే ఆ బూరుగు దూదిని ఏకింది. చెత్త లేకుండా, ఉండ లేకుండా, గింజ లేకుండా మూడుసార్లు ఏకి, కొత్త గుడ్డలో నింపి మేస్త్రికి దిండు కుట్టింది. ఆయన తల పెట్టి, రాజుగారి పడకలా ఉందన్నాడు. కానీ అప్పట్నుంచి ఆమెకు వెనక గదిలో ఒంటరితనం పోయింది. ఎన్నడూ చూడని మనిషి ఎవరో గుమ్మంలో నిలబడి తన చేతులకేసి చూస్తున్నట్టు ఉండేది. తల తిప్పితే ఎవరూ ఉండేవారు కాదు. మాత్రల కోసం వచ్చిందేమోననుకునేది. ఎదుటివాళ్ళ సొమ్ము తిన్నవాళ్ళకు ఇలాగే ఉంటుంది కాబోలని సరిపెట్టుకుని, దగ్గుకుంటూ పని చేసుకునేది. ఆ దగ్గు కూడా ఆ మధ్యే ఎక్కువైంది.

తర్వాతి నెల మిషను కొనేవాడు రావాల్సిన వారంలో మేస్త్రి ఆసుపత్రికి ఒక్కడే వెళ్ళి వచ్చాడు. గుడ్డ మూటలోంచి మాత్రల ముక్కలు తీసి మంచం మీద పోశాడు. ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చారని, ఈ నెల సగం కొంటే చాలని చెప్పాడు. దూదక్క నమ్మింది. నమ్మకుండా ఎలా ఉంటుంది? ఆ సాయంత్రం పాలు తెప్పించి కాచింది. ఆ ఇచ్చిన చేతులు చల్లగా ఉండాలని పేరు తెలియని డాక్టరుకు దణ్ణం పెట్టుకుంది. బేరగాడిని వెనక్కి పంపేసి, మిషనుకు నూనె వేసుకుంది. మరుసటి నెల కూడా అంతే. మేస్త్రి మూట తెచ్చాడు, మిషను మిగిలింది.

కానీ ఈసారి పరీక్షల్లో రక్తంలో జబ్బు లెక్క పెరిగిందన్నారు. వారంలో మళ్ళీ రమ్మన్నారు. మందు పనిచేయడం లేదనుకుంటే దీనికి నాలుగింతల ఖరీదున్న పెద్ద మందుకు మార్చాలన్నారు. మిషను అమ్మినా అందులో ఒక మూలకు రాదు, అది తప్ప ఇంట్లో అమ్మడానికి ఇంకేమీ లేదు. మేస్త్రి మాత్రం, వాళ్ళలాగే అంటారులే అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అది జరిగిన నాలుగు రోజులకు కండక్టరు షాపుకు వచ్చాడు. బస్సు దిగి ఎన్నో ఏళ్ళయినా, నిలబడితే ఎక్కడో ఒకచోట పట్టుకుని నిలబడే మనిషి. కౌంటరు అంచు పట్టుకుని, తను లేనప్పుడు చెల్లెలు భార్య పడక పంపించేసిందనీ, పరుపు అక్కర్లేదు గానీ ఆ దిండు ఒక్కటి ఉంటే ఇప్పించమనీ అడిగాడు. యజమాని, పాత దిండు ఎక్కడ దొరుకుతుందని విసుక్కుని ఆయన్ని దూదక్క దగ్గరికి తోశాడు.

దూదక్క స్టూలు వేసి కూర్చోబెట్టింది. ఆయన దూది కేసి చూస్తూ, అడక్కుండానే చెప్పుకొచ్చాడు. భార్యదీ రక్తం క్యాన్సరే. మందు బాగా పనిచేస్తుందన్నారు. మొదట్లో పెద్ద షాపులో కొనేవాడు. తర్వాత తట్టుకోలేక, ఎవరో చెబితే ఇంకోచోట చవకగా కొన్నాడు. అదే పేరు, అదే అట్ట.

"అక్కడ కొనడం మొదలెట్టాకే ఆవిడకి పాడైందమ్మా. అది నకిలీదేమో. డబ్బు మిగుల్తుందని నా చేతుల్తో నేనే విషం పెట్టానేమో. నాకు నిద్రలో కూడా అదే." ఒళ్ళో పడిన దూది పోగును దులుపుకున్నాడు. "ఆసుపత్రివాళ్ళు మంచివాళ్ళు. నెల విడిచి నెల ఉచితంగా ఇచ్చేవాళ్ళు. ముక్కలు ముక్కలుగా కత్తిరించి, గుడ్డలో చుట్టి. తనే వెళ్ళి తెచ్చుకునేది. నువ్వు రావొద్దు, మగవాళ్ళని లోపలికి రానివ్వరు అనేది."

దూదక్క చేతిలో దూది అలాగే ఉండిపోయింది. గుడ్డలో చుట్టి. ముక్కలు ముక్కలుగా. పొయ్యి దగ్గర వినకుండా వదిలేసిన మాట ఇప్పుడు చెవిలో పడింది. గుమ్మంలో నిలబడి ఇన్నాళ్ళూ తన చేతులకేసి చూసిన మనిషి మాత్రలు వెనక్కి అడగడానికి రాలేదు.

"రేపు పొద్దున రండి బాబాయ్‌గారూ. దిండు నేనే తెచ్చిస్తాను" అని మాత్రం అనగలిగింది.

ఇంటికి వెళ్ళేసరికి మేస్త్రి గడపలో కూర్చుని ఆమె కోసం కూర తరుగుతున్నాడు. ఆమె పలకరించలేదు. తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి దిండు తీసుకుని రెండు చేతులతో తడమడం మొదలుపెట్టింది. ముందు కాళ్ళు కడుక్కోమన్నాడాయన. ఆమె దిండు మూల వెలుతురుకు పెట్టి చూసింది. మూడు మూలల్లో తన కుట్టే. నాలుగో మూల మాత్రం ఇటుక వరసలా లావుపాటి పోగులతో కుట్టి ఉంది. పళ్ళతో దారం కొరికింది. తను మూడుసార్లు ఏకిన దూది అది, గింజ కూడా మిగలని దూది. దాని మధ్యలోంచి ఆకుపచ్చ గీతల ముక్కలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి.

"ఎన్నాళ్ళనుంచి?"

"రోజు విడిచి రోజు వేసుకుంటున్నానే. మానెయ్యలేదు."

"చచ్చిపోదామనా?"

"సాగదీద్దామని." మేస్త్రి నవ్వబోయాడు. "సిమెంటు తక్కువైతే ఇసక కాస్త ఎక్కువ కలుపుతారు చూడు, అలాగ."

"అలా కట్టిన గోడలు నువ్వే దగ్గరుండి కూలగొట్టించావు."

దూదక్కకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న దిండుతోనే ఆయన్ని కొట్టింది, ఒకసారి కాదు, చెయ్యి నొప్పెట్టేదాకా. తెరిచిన మూలలోంచి దూది ఎగిరి గదంతా నిండింది. కూర మీద, ఆయన తల మీద, కుట్టుమిషను మీద పడింది. కొట్టడం ఆగాక దగ్గు తెర వచ్చింది. ఆ దగ్గు ఎంతసేపు వచ్చిందో అంతసేపూ ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"అదిగో, ఆ దగ్గు. షాపు నుంచి వచ్చి మళ్ళీ మిషను మీద కూర్చుంటావు. దగ్గుతూ కుడతావు. నువ్వలా దగ్గుతుంటే ఆ బిళ్ళ మింగడం నా వల్ల కావట్లేదే."

ఆమె నేల మీద కూలబడింది. ఈ విద్య ఇంట్లోకి తెచ్చింది తనే. మందు దొరికిందని మురిసిపోయి, ఆ మందుతో పాటు అది దాచే ఉపాయాన్నీ కొంగున కట్టుకుని తెచ్చి ఆయన చేతిలో పోసింది. పోయినామె చేసింది ఈయనకు ఒక్క చూపులో అర్థమైంది, తనకు అర్థం కాలేదు. దిక్కుమాలిన మందు. లేకపోతే లేదని ఏడ్చి ఊరుకునేవాళ్ళు. ఉండి, చేతికందేంత దూరంలో ఉండి, మనుషుల చేత ఇంతింత దొంగతనాలు చేయిస్తోంది.

మేస్త్రి సూదీ దారం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇక రోజూ వేసుకుంటాననీ, ఎవరితోనూ అనొద్దనీ, నలుగురిలో పరువు పోతుందనీ బతిమాలాడు.

"కుట్టెయ్" అన్నాడు.

"కుట్టను" అంది దూదక్క.

పొద్దున్నే మొగుణ్ణి వెంటబెట్టుకుని షాపుకు వెళ్ళింది. కండక్టరు అప్పటికే మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నోరు తెరిచి ఉన్న దిండును ఆయన ఒళ్ళో పెట్టి, జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది. మీ ఆవిడ మాత్రలు ఇందులో దొరికాయనీ, మీకివ్వకుండా దాచుకున్నాననీ, మా ఆయన మింగాడనీ, ఆసుపత్రిలో ఎవరికీ ఉచితంగా ఇవ్వలేదనీ చెప్పింది. ఆయన తిడతాడనుకుంది. తిట్టినా పడదామనుకుంది.

ఆయన దిండులోకి తొంగి చూశాడు.

"అయితే ఆ మందు మంచిదేనా?"

"మంచిదే బాబాయ్‌గారూ. మీరు కొన్నవి కూడా ఇందులోనే దొరికాయి. సగమే వేసుకుందావిడ."

"మంచిదేనంటావు" అని ఆయన దూది పిడికిట్లోకి తీసుకున్నాడు. ముఖం మొదట తేలికపడింది, వెంటనే ముడుచుకుపోయింది. "నాతో ఒక్క మాట అంటే ఇల్లు అమ్మేసేవాణ్ణి కదమ్మా."

"అందుకే అనలేదు."

లోపల్నుంచి యజమాని కేకేశాడు. లాడ్జివాళ్ళు ఇంకో ఇరవై అడిగారట. దూదక్క ముక్కుకు కట్టుకునే గుడ్డను తీసి మేకుకు తగిలించి, ఇవాళ రానని చెప్పింది. పూట కూలి కోస్తానన్నాడు. కోసుకోమంది. ముగ్గురూ కలిసి ఆసుపత్రికి బయల్దేరారు. కండక్టరును ఎవరూ రమ్మనలేదు. దిండును చంకలో పెట్టుకుని ఆయనే వెనక నడిచాడు.

డాక్టరు కుర్రవాడు, పొద్దున్నే అలిసిపోయి ఉన్నాడు. బల్ల మీద పోసిన ముక్కల్ని చూసి, పెద్ద మందు రాయబోయిన కలాన్ని ఆపాడు. మందు పనిచేయడం మానలేదనీ, మీరే పనిచేయనివ్వలేదనీ మేస్త్రిని మందలించాడు. అతను కోప్పడినదాంట్లో తప్పేమీ లేదు. ఇలా విడిచి విడిచి వేసుకుంటే జబ్బు మందుకు లొంగకుండా పోతుంది, రోజూ వేసుకోవాలి, ఒక్కరోజు కూడా మానకూడదు అని రెండుసార్లు చెప్పాడు.

"రోజూ వేసుకోమని మీరు రాస్తారు. రోజూ కొనుక్కునే ధర ఎవరు రాస్తారు డాక్టరుగారూ?" అని దూదక్క అడిగింది.

అతను ఆమెకేసి కాదు, చేతిలో కలంకేసి చూశాడు. "అది నా చేతిలో లేదమ్మా. తర్వాతివాళ్ళని పంపండి" అన్నాడు మెల్లగా.

ఆమె బయటికి వచ్చింది గానీ ఎవరినీ పంపలేదు. వసారా పొడుగునా బెంచీలు. ఒక్కో రోగి పక్కన ఒక్కో తోడు. భార్య పక్కన మొగుడు, కొడుకు పక్కన తల్లి, అన్న పక్కన చెల్లెలు. అందరి చేతుల్లో నంబరు చీటీలు. నలుగురిలో గొంతెత్తి మాట్లాడటం దూదక్కకు అలవాటు లేదు. పక్కన కండక్టరు దిండు పట్టుకుని నిలబడ్డాడు. దాని మూల ఇంకా తెరిచే ఉంది. నడిచినంత మేరా నేల మీద తెల్లగా పోగులు రాలి ఉన్నాయి.

"అమ్మా, తోడు వచ్చినవాళ్ళకే చెబుతున్నాను" అంది. "ఇక్కడ మందు ఎవరికీ ఉచితంగా ఇవ్వట్లేదు. మీవాళ్ళెవరైనా ఉచితంగా ఇచ్చారని గుడ్డలో చుట్టి తెస్తే నమ్మకండి. ఇంటికెళ్ళి వాళ్ళ దిండు తడిమి చూడండి."

దగ్గర బెంచీ మీద ఒక పడుచుపిల్ల తన మొగుడి వైపు తిరిగింది. అతను గోడకేసి చూస్తున్నాడు. అవతల కొడుకు పక్కన కూర్చున్న తల్లి, వాడి చెయ్యి పట్టుకుని, ఏరా అంది. వాడు తల దించుకున్నాడు. వాడి పక్కాయన తల దించుకున్నాడు. ఎదుటి వరసలో తలకు రుమాలు కట్టుకున్న పెద్దావిడ చీటీని మడిచి ఇంకా చిన్నగా మడుస్తోంది.

లోపల్నుంచి తర్వాతి నంబరు పిలిచారు. మళ్ళీ పిలిచారు. ఎవరూ లేవలేదు.